నాలుగో గ్రీన్ కింద

ఫెర్గస్ గౌర్లే ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్ళినా నేరుగా లోపలికి అడుగుపెట్టడు. ముందు చూరు కింద నిలబడి, వాన నీళ్ళు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూస్తాడు. "ఈ గోడ ఇంకో అయిదేళ్ళు కూడా నిలబడదు" అని, శుభమా అని వచ్చినవాడు ఆ మాట కాస్తా అనేసి, అప్పుడు టోపీ తీసి లోపలికొస్తాడు. భార్య బెథియా సిగ్గుతో చచ్చిపోయేది. "నీకు మనుషులు కనపడరా, తూములే కనపడతాయా?" అని తిరిగొచ్చే దారంతా సాధించేది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం, చేసుకున్నాక!

మనిషి పుట్టింది సముద్రానికి పది మైళ్ళు లోపల, బంకమట్టి నేలలో. తండ్రిది పొలాల కింద కాల్చిన మట్టి గొట్టాలు పరిచి నిలవ నీళ్ళు బయటికి లాగే పని. ఫెర్గస్‌కి అక్షరాలకంటే ముందు ఆ పనే వచ్చింది. కందకం తవ్వాక చెంబుడు నీళ్ళు పోసి, అవి ఆగకుండా చివరిదాకా నడిచాయా లేదా చూడాలి, అంతే. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు కదా. ఫెర్గస్‌కి దేవుడితో పెద్దగా పని పడలేదు, పల్లంతోనే జీవితం సరిపోయింది.

బెథియా జాలరుల పిల్ల. "సముద్రం కనపడని ఊళ్ళో కాపురం చెయ్యను" అని పెళ్ళికి ముందే తెగేసి చెప్పింది. అలా అతను బాల్‌నెస్ చేరి, ముప్ఫైనాలుగో ఏట గోల్ఫ్ మైదానంలో పనికి కుదిరాడు. అక్కడే వచ్చింది చిక్కు. బాల్‌నెస్‌లో గోల్ఫ్ ఆడే నేలంతా ఒడ్డు ఇసుక. ఎంత వాన కురిసినా తాగేసి మూతి తుడుచుకుంటుంది. అలాంటి చోటికి నీళ్ళు తోడేవాడు పనికొస్తే నవ్వరూ? "చేపకి ఈత నేర్పడానికొచ్చావా నాయనా?" అన్నారు మొదటిరోజే. బురద ఫెర్గస్ అని పేరు పెట్టారు. ఇరవయ్యారేళ్ళు ఆటగాళ్ళ భవనం మరుగుదొడ్లు, చూరు కాలవలు, బండ్లు ఆపే చోటు కింది గొట్టాలు, ఇవే అతనికి అప్పగించారు. జెండా పాతి, బంతి పడే గుంత చేసి, గడ్డిని చాపలా నున్నగా కత్తిరించి ఉంచుతారే, ఆ గ్రీన్‌ల మీద మాత్రం ఒక్కనాడూ చెయ్యి వెయ్యనివ్వలేదు. వాటి పని నినియన్ బిర్రెల్‌ది. మైదానానికి పెద్ద పనివాడు. వాళ్ళ నాన్నా ఆ పనే, తాతా ఆ పనే. గడ్డి గురించి ఆ ఇంటివాళ్ళు చెప్తే ఊళ్ళో ఇంకెవరూ నోరెత్తరు.

అలాంటిది ఫెర్గస్‌కి అరవయ్యో ఏట సముద్రం ఎదురొచ్చింది. నాలుగో గ్రీన్ ఒడ్డు అంచున ఉంటుంది. ఏటా ఇంత కొరుక్కుంటూ వచ్చిన సముద్రం ఆ చలికాలం మూడు తుపానుల్లో అంచుదాకా తినేసింది. ఇంక ఆశ లేదని తెలిశాక నినియన్ ఆ గ్రీన్ మీది గడ్డిని పలకలు పలకలుగా కోసి, దొంతర్లు కట్టి, బండికెత్తించి, మైదానం వెనకున్న మడిలో పరిచి ప్రాణంతో దాచాడు. ఒక్క పలక వదల్లేదు. ఎందుకంటే, బాల్‌నెస్‌లో ఆటగాడు పోతే, కాల్చాక ఆ బూడిద తెచ్చి నాలుగో గ్రీన్ మీదే చల్లుతారు. ఎనభై తొంభై ఏళ్ళుగా అదే ఆనవాయితీ. నినియన్ తండ్రిని కూడా అక్కడే చల్లారు. గడ్డి తీసిన వారంలోనే గ్రీన్ కాస్తా కెరటాల్లో కలిసిపోయింది.

కొత్త గ్రీన్ ఎక్కడ? పాత రైలుకట్టకి అవతల రాబర్ట్‌సన్ గారి బార్లీ పొలంలో ఒక మూల తప్ప చోటు లేదు. అదంతా బంక. మైదానం కమిటీకి పెద్ద మిస్ ఎల్స్‌పెత్ హాక్స్‌టన్. ముప్ఫైయేళ్ళు ఊరి బళ్ళో పెద్ద టీచరమ్మ, ఇప్పటికీ ఆవిడ ముందు ముసలివాళ్ళు కూడా చేతులు జేబుల్లోంచి తీసేస్తారు. ఆవిడ ఫెర్గస్‌ని పిలిపించింది.

"రైతు ఒక్క ఏడాదికే ఇస్తానన్నాడు. వచ్చే ఏప్రిల్ మొదటి శనివారానికి అది ఆటకి పనికొస్తే మనది. నీళ్ళు నిలిస్తే ట్రాక్టర్ దింపి బార్లీ వేసుకుంటాడు, పద్దెనిమిదిలో మనకి పదిహేడు గుంతలే మిగుల్తాయి. పదిహేడు గుంతల మైదానానికి ఎవడొస్తాడయ్యా? కట్టగలవా?"

"నీళ్ళు నడిపిస్తానండీ. గడ్డి సంగతి నినియన్ చూసుకోవాలి."

"గ్రీన్ కట్టగలవా లేదా అని అడిగాను."

"కడతానండీ" అన్నాడు.

ఆ వేసవంతా అతను ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. కొత్త గ్రీన్ అంత వెడల్పున మోకాలి లోతు గోతి తీయించి, అడుగున చేపముల్లు ఆకారంలో కందకాలు తవ్వించాడు. నూరడుగులకి ఒక అడుగు వాలు, పూచికపుల్లంత కూడా తేడా రానివ్వలేదు. చిల్లుల గొట్టాలు పరిచి, పైన కడిగిన కంకర, ఆ పైన అడుగు మందాన ఇసుక. ఇసుక దగ్గరే మొదటి గొడవ. నినియన్ ఒడ్డునుంచి బండెడు ఇసుక తోలుకొచ్చాడు. "మా తాత గ్రీన్‌లు కట్టింది దీంతోనే" అన్నాడు.

ఫెర్గస్ ఇంట్లోంచి బెథియా జామ్ సీసాలు తెచ్చి వరసగా పెట్టాడు. సగం కంకర, సగం ఇసుక పోసి ఊపాడు. ఒడ్డు ఇసుక సన్నం. కంకర సందుల్లోకి జారిపోయి అడుక్కి దిగింది.

"గొట్టాల్లోకి ఇదంతా దిగితే రెండేళ్ళకి పూడుకుపోతాయి. గని ఇసుక కావాలి, గరుకుది."

"సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఇసుక గురించి చెప్పేంతవాడివయ్యావా, బురదా!"

"ఇసుక నీది, నినియన్. కింద బంక నాది. నా నేలలో నీ ఇసుక మునిగిపోతుంది, చూడు."

టీచరమ్మ సీసా చేతిలోకి తీసుకుని చూసి, గని ఇసుక తెప్పించమంది. నినియన్ ఆ సాయంత్రంనుంచి పని విషయం తప్ప ఇంకోమాట మాట్లాడటం మానేశాడు.

సెప్టెంబరు చివరికి గోతి నిండింది. ఇక గడ్డి పరచాలి. ఫెర్గస్ మడిలోకి వెళ్ళి దాచిన పలకల్లో ఒకటి ఎత్తి, దాని మీద తన ఫ్లాస్కులో మిగిలిన టీ పోసి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. టీ దిగలేదు. ఎనభై ఏళ్ళుగా నాచు ఎరువు, మట్టి కలిపి పైన చల్లి చల్లి, మూడు వేళ్ళ మందం నల్లటి జిగురు పొర పేరుకుంది. పాత చోట అడుగున సముద్రమంత ఇసుక, అక్కడ చెల్లింది. ఇక్కడ దీన్ని శుభ్రమైన గరుకు ఇసుక మీద పరిస్తే, పై పొర నీళ్ళని పట్టుకుని కిందికి వదలదు.

"ఈ పలకలు కడగాలి, నినియన్. నీళ్ళ గొట్టంతో కొట్టి, వేళ్ళు తెల్లగా కనపడేదాకా మట్టంతా వదిలించాలి. గడ్డి బతుకుతుంది, నేను పూచీ."

నినియన్ మొహం కందగడ్డ అయిపోయింది. "ఆ మట్టిలో ఎవరున్నారో తెలుసా నీకు?"

"తెలుసు."

"మా నాన్న ఉన్నాడు. కడిగితే ఎక్కడికి పోతాడు? మరుగుదొడ్ల నీళ్ళెళ్ళే నీ కాలవలోకా? మా నాన్నని తూములో పారబోస్తావురా?" అని చొక్కా పట్టుకుని చెయ్యెత్తాడు. పక్కనున్నవాళ్ళు విడదీశారు.

ఫెర్గస్ చొక్కా సర్దుకుని ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నిజానికి తప్పెవరిది చెప్పండి? ఇద్దరిదీ కాదు. అదే వచ్చిన బాధ.

అక్టోబరులో ఫెర్గస్‌కి రొమ్ము పడిశం పట్టి నాలుగు రోజులు మంచం దిగలేదు. అయిదో రోజు వెళ్ళేసరికి గ్రీన్ పచ్చగా, నిండుగా ఉంది. నినియన్ కడగకుండానే పలకలన్నీ పరిచేశాడు. గ్రీన్ పక్కన నిలబడి, ఫెర్గస్‌ని చూసి, నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు. "వచ్చాడు చూడు మా నాన్న, కట్ట దాటి" అన్నాడు.

ఆ నవ్వు చూశాక ఫెర్గస్ పలకల మాట ఎత్తకుండానే వెనక్కి తిరిగాడు. ఇంట్లో బెథియా వదిలిపెట్టిందా? "వెళ్ళి టీచరమ్మతో చెప్పు. నీ మాట మీద ఊరు ఊరంతా ఉంది."

"చెప్తే ఏమంటారే? లోపలినించి వచ్చిన బురదోడు మన తండ్రుల్ని పీకించాడంటారు. ఇరవయ్యారేళ్ళ తర్వాత కూడా."

"చెప్పకపోతే ఏమంటారో అదీ ఆలోచించు."

ఆలోచించాడు. కానీ నీళ్ళు నమిలాడు. ఒకవేళ తనే పొరబడ్డాడేమో, చలికాలం దానంతటదే దారి చేసుకుంటుందేమో అనుకున్నాడు. నీళ్ళ గురించి ఏనాడూ 'ఏమో' అనని మనిషి! క్రిస్మస్ నాటికి గ్రీన్ మీద అడుగేస్తే బూటు చుట్టూ తడి పైకొచ్చింది. ఫిబ్రవరికి నాచు పట్టింది. గ్రీన్ కింది నీళ్ళు బయటపడేందుకు వాగు గట్టులో తను పెట్టిన గొట్టం మూతి దగ్గరికి రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేవాడు. ఎముకలా పొడిగా ఉండేది.

మార్చి నడుమ, రెండు రోజులు ఆగని వాన తర్వాత, టీచరమ్మ కమిటీవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. గ్రీన్ మీద అక్కడక్కడా ఆకాశం కనపడుతోంది. ఒకాయన బంతి పెట్టి మెల్లగా కొట్టాడు. నాలుగడుగులు దొర్లి, నీళ్ళు చిమ్మి, ఆగిపోయింది.

"ఫెర్గస్, ఇది నువ్వు కట్టిందేనా?" అంది టీచరమ్మ.

అందరూ అతనికేసి చూశారు. నినియన్ మాత్రం తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. ఫెర్గస్ వెళ్ళి గుంతలు కోసే గొట్టం తెచ్చి, గ్రీన్ నడిమధ్య దిగ్గొట్టి, మట్టికడ్డీని పైకి లాగి, గడ్డి మీద అడ్డంగా పడుకోబెట్టాడు. పై మూడు వేళ్ళ మందం నల్లగా, కారుతూ ఉంది. దాని కింద ఇసుక. ఆ ఇసుక పిడికెడు తీసి గాలిలో వదిలాడు. పొడిపొడిగా ఎగిరిపోయింది.

"పైన చెరువు, కింద ఎడారి. నా గొట్టాలు ఇంతవరకు చుక్క నీళ్ళు చూడలేదండీ. పై పొర దిగనివ్వడం లేదు."

"ఇది నీకు ఎప్పటినించి తెలుసు?"

"అక్టోబరు నించి."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

"మూసుకున్నానండీ." చెవులు ఎర్రబడిపోయాయి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టయింది. నాదే తప్పు."

నినియన్ తల ఎత్తాడు. ఆ ఎండిన ఇసుక ఎగిరిన చోటికేసే చూస్తున్నాడు. "ఆయన చెప్పాడు టీచరమ్మా" అన్నాడు. "పరచకముందే చెప్పాడు. కడగమంటే కొట్టబోయింది నేను. పరిచిందీ నేనే."

టీచరమ్మ చేతిలోని గొడుగు నేలకేసి తాటించింది. "ఇద్దరూ ఒకళ్ళకంటే ఒకళ్ళు! రైతు పెట్టిన గడువుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఆ రోజు కూడా ఇలాగే ఉంటే నేనే దగ్గరుండి ట్రాక్టర్ దింపిస్తాను. ఏం చేస్తారో చెయ్యండి" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఫెర్గస్ వచ్చేసరికి నినియన్ గ్రీన్ మూల మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఒక పలక పైకెత్తి, ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. పక్కన రేకు తొట్టి, నీళ్ళ గొట్టం. ఎంతసేపటినించి అలా ఉన్నాడో! ఫెర్గస్ తొందరపెట్టలేదు. తనూ ఎదురుగా కూలబడ్డాడు.

"ఈ నీళ్ళు కాలవలోకి పొయ్యకూడదు" అన్నాడు నినియన్ చివరికి.

"పొయ్యం."

"పీపాల్లో పట్టాలి. పాత గ్రీన్ విరిగిపడిన చోటికి తీసుకెళ్ళి సముద్రంలో దింపాలి. ప్రతి తొట్టీ."

"ఎన్ని పీపాలైతే అన్ని. బండి నేను తోల్తాను."

నినియన్ పలకని తొట్టిలో దింపి, చేతులతో కడగడం మొదలుపెట్టాడు. గొట్టం పెట్టలేదు, ఆ మొదటిదానికి. నల్లగా నీళ్ళు తిరిగాయి. ఆఖరికి తెల్లటి వేళ్ళతో, పట్టుకుంటే బరువు లేకుండా, గడ్డి ఒక్కటే చేతిలో మిగిలింది.

పలకలు వెయ్యి పైచిలుకు. ఇద్దరివల్ల అయ్యే పనేనా? రెండో రోజుకి ఊళ్ళో తెలిసింది. తిడతారనుకున్నాడు ఫెర్గస్, కానీ బెథియా వస్తూ తనతో ముగ్గురు ముసలమ్మల్ని తీసుకొచ్చింది. ముగ్గురూ భర్తల్ని ఆ గ్రీన్ మీద చల్లినవాళ్ళే. స్నానాల తొట్లు తోపుడుబండి మీద పెట్టుకుని మరీ వచ్చారు. వాళ్ళలో డాయిగ్ గారి భార్య చొక్కా చేతులు పైకి మడిచి, "బతికున్నన్నాళ్ళూ శనివారం స్నానం చెయ్యవయ్యా అంటే వినేవాడు కాదు. ఇప్పుడెక్కడికి పోతాడో చూస్తాను" అంది. నినియన్‌తో సహా అందరూ పగలబడి నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత రోజూ పదిమంది, పదిహేనుమంది. వేళ్ళు మొద్దుబారిపోతే మాంసం కూరిన వేడి రొట్టె చుట్టూ చేతులు వెచ్చబెట్టుకుని, అదే తిని, మళ్ళీ తొట్టి దగ్గర కూర్చునేవాళ్ళు. రోజూ సాయంత్రం వెలుగుండగానే ఫెర్గస్ పీపాలు బండికెత్తి ఒడ్డుకి తోలేవాడు. నినియన్ ఒక్కొక్కటి ఒంచేవాడు. ఒక్క చుక్క కూడా ఇంకొకర్ని ఒంచనివ్వలేదు.

పదో రోజుకి ఆఖరి పలక పరిచారు. ఆ తర్వాత తూర్పుగాలి పట్టుకుంది. వారం రోజులు చినుకు లేదు. ఇద్దరూ చేతులతో నీళ్ళు చిలకరిస్తూ, కాపలా కాస్తూ, గడ్డి వేళ్ళు దిగుతాయా దిగవా అని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నారు. గడ్డి నిలిచింది. కానీ వాన చూడకుండా గ్రీన్ పనికొస్తుందని ఎవరు నమ్ముతారు? శనివారం పొద్దున్న, రైతు రాబర్ట్‌సన్ ట్రాక్టర్ తెచ్చి గేటు దగ్గర ఆపి, టీచరమ్మ పక్కన నిలబడ్డాడు. తొమ్మిదింటికి వాన అందుకుంది. ఊరికే కాదు, దంచి కొట్టింది.

ఫెర్గస్, నినియన్ వాగు గట్టున గొట్టం మూతి దగ్గర కూర్చున్నారు. పావుగంటయింది. మూతి పొడిగానే ఉంది.

"రావేం?" అన్నాడు నినియన్.

"ముందు ఇసుక తాగాలి. దాని కడుపు నిండాకే కిందికి వదుల్తుంది. వారం రోజుల ఎండ మరి."

"ఎంతసేపు?"

ఫెర్గస్ బంక నేలలో అయితే నిమిషంతో సహా చెప్పేవాడు. ఇలాంటి ఇసుక కట్టు కింద నీళ్ళు నడవడం అతనూ ఎప్పుడూ చూళ్ళేదు, సీసాల్లో తప్ప. అరగంట. పైనుంచి కమిటీవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. గ్రీన్ మీద గడ్డి మెరుస్తోంది, అది తడో నిలవో ఇక్కడినుంచి తెలియడం లేదు. నలభై నిమిషాలు. రైతు గేటు వైపు నాలుగడుగులు వేసి ఆగాడు. ఫెర్గస్ కందకాల వాలంతా మనసులో మళ్ళీ కొలుచుకున్నాడు, ఎక్కడైనా తప్పానా, ఎక్కడైనా గొట్టం నలిగిందా అని. "బెథియా అన్నట్టు, ముందే చెప్పుంటే..." అని గొణుక్కున్నాడు.

నినియన్ బురదలో బోర్లా పడుకుని గొట్టం మూతికి చెవి పెట్టాడు. మొహంలో రంగు మారింది. "ఏదో గురగురమంటోంది" అన్నాడు.

ముందు ఒక చుక్క. మూతి అంచున ఊగి, పడింది. ఇంకోటి. తర్వాత సన్నటి దారం. చూస్తూ ఉండగానే బొటనవేలంత లావున నీళ్ళు దూకి వాగులో పడ్డాయి. పైన టీచరమ్మ బంతి పెట్టి కొట్టింది. అది గుంతదాకా దొర్లిన సంగతి వాళ్ళ కేకల వల్ల తెలిసింది గానీ, వీళ్ళిద్దరూ అటు చూడలేదు.

నినియన్ దోసిలి పట్టి ఆ నీళ్ళు పట్టుకున్నాడు. మొహం దగ్గరగా పెట్టుకుని చూశాడు. పారబోసి మళ్ళీ పట్టాడు. అద్దంలా తేటగా ఉన్నాయి, నలక కూడా లేదు.

"ఇందులో మా నాన్న లేడు ఫెర్గస్" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"లేడు నాయనా. నువ్వే తీసుకెళ్ళి దింపొచ్చావు కదా."

నినియన్ దోసిలి అలాగే పట్టుకుని ఏడ్చాడు. ఫెర్గస్ అతని పక్కకి జరిగి భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. పైనుంచి టీచరమ్మ ఇద్దర్నీ పేరు పెట్టి పిలిచింది. కాసేపు ఆగి వస్తామని ఫెర్గస్ చెయ్యి ఊపాడు.